రంగు చూసి వైరు కలపకండి: పాత పికప్ ట్రక్కులో ఆక్సిజన్ సెన్సర్ వైరింగ్ ముట్టుకునే ముందు జాగ్రత్తలు

గత నెలలో ఒక ఆదివారం సాయంత్రం, టెక్సస్‌లోని డెంటన్ కౌంటీలో ఉండే తమ్ముడి వరస కుర్రవాడు ఒకతను ఫోన్ చేసి, తన పికప్ ట్రక్కు స్టార్ట్ అవుతున్నది గాని నిలబడడం లేదని, యాక్సిలరేటర్ తొక్కితే ఒకసారి అందుకుంటున్నది, మరోసారి అందుకోవడం లేదని చెప్పాడు. వెళ్లి చూశాను. అది 2004 నాటి వీ8 బండి. ముందు రోజు వరకు అందులో ఉన్నది ఒకే ఒక్క లోపం కోడ్, పి0135. అంటే మొదటి బ్యాంకులో (సిలిండర్ల ఒక వరుసను బ్యాంకు అంటారు) ముందు వైపు ఉండే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. ఎగ్జాస్ట్ పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేదే ఈ సెన్సర్. నేను బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలించేసరికి కూలెంట్ ఉష్ణోగ్రత, థ్రాటిల్ స్థానం వంటి, ఆ సెన్సర్‌తో ఏ సంబంధమూ లేనివి కూడా పొంతన లేని అంకెలు చూపిస్తున్నాయి. బండి కిందికి దూరి టార్చి వేస్తే సంగతి తెలిసింది. పాత సెన్సర్ తోకను ప్లగ్గుతో సహా కత్తిరించి ఉంచుకుని, ఏ బండికైనా సరిపోతుందని అమ్మే యూనివర్సల్ సెన్సర్‌ను దానికి అతికించాడు. తెలుపుకు తెలుపు, నలుపుకు నలుపు, మిగిలినవి మిగిలినవాటికి. అతుకులు ముచ్చటగా ఉన్నాయి, ప్రతి అతుకు మీదా ష్రింక్ ట్యూబు ఉంది. "తెలుపుకు తెలుపే కదా అన్నా, ఇందులో తప్పేముంది?" అని అడిగాడు.

ఆ రెండు తెలుపులూ ఒకటి కావు. ఇంజిన్ కంప్యూటర్ లోపల సెన్సర్లన్నింటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండు దారి కాలిపోయింది. హీటర్ లోపం సరిచేయబోయి కంప్యూటర్‌నే పోగొట్టుకున్నాడు. పైగా కంప్యూటర్ మార్చినంత మాత్రాన బండి కదలదు; దొంగతనం నిరోధించే ఏర్పాటు ఉన్న బండ్లలో తాళంచెవులను కొత్త కంప్యూటర్‌కు మళ్లీ నమోదు చేయించాలి, అది వేరే ఖర్చు. ఇదే పొరపాటు నేను చూడడం ఇది నాలుగోసారి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు సేఫ్టీ తనిఖీ తీసివేశారు కనుక ఇక ఏ పరీక్షా లేదని చాలామంది అనుకుంటున్నారు. డాలస్, టారంట్, కాలిన్, డెంటన్, హారిస్, ట్రావిస్ వంటి కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష, అంటే పొగ పరీక్ష, అలాగే ఉంది; రెండేళ్ల నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న పెట్రోలు బండ్లన్నీ దానికి వెళ్లాలి. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూ ఉంటే బండి అందులో నెగ్గదు. రిజిస్ట్రేషను గడువు పది రోజుల్లో ఉందనగా, ఊరి బయట స్థలానికి ఎరువు బస్తాలూ కంచె స్తంభాలూ మోసుకోవడానికి కొన్న పాత ట్రక్కు కిందికి మనవాళ్లు హడావిడిగా దూరేది అందుకే. ఆ హడావిడిలోనే రంగు చూసి వైరు కలుపుతారు.

రంగును నమ్మడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటైన విషయం. ఊళ్లో ఇంటి వైరింగ్‌లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు అని నేర్చుకున్నాం. అమెరికాకు వచ్చి గోడలో స్విచ్చుబోర్డు విప్పితే నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. ఊళ్లో భయం లేకుండా పట్టుకున్న నలుపు ఇక్కడ కరెంటు కొడుతుంది. రంగు అనేది ఒక ఒప్పందం మాత్రమే, ఒప్పందం చేసుకున్నవాళ్లు మారితే అర్థం మారిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్లలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది.

నాలుగు వైర్లు, రెండు ఒప్పందాలు

1976లో బాష్ తయారుచేసిన ఈ సెన్సర్ వోల్వో కార్లలో తొలిసారి వచ్చినప్పుడు దానికి ఉన్నది ఒకే వైరు. ఆ రోజుల్లో తప్పుగా కలపడానికి అవకాశమే లేదు. తరువాత, ఎగ్జాస్ట్ వేడెక్కేదాకా ఆగకుండా సెన్సర్ త్వరగా పనిలోకి రావాలని లోపల హీటర్ పెట్టారు. ఇప్పుడు మన ట్రక్కుల్లో ఉండేది ఎక్కువగా నాలుగు వైర్ల సెన్సర్: రెండు వైర్లు హీటర్‌కు, ఒకటి సిగ్నల్‌కు, ఒకటి సిగ్నల్ గ్రౌండ్‌కు. హీటర్ జతలో ఒక వైరుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 12 వోల్టులు వస్తాయి. సిగ్నల్ వైరులో నడిచేది మాత్రం 0.1 నుంచి 0.9 వోల్టు లోపే. ఒకే ప్లగ్గులో, వేలి వెడల్పు కూడా లేని చోట, ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

బాష్ పద్ధతిలో రెండు తెలుపు వైర్లు హీటర్, నలుపు సిగ్నల్, బూడిద రంగు సిగ్నల్ గ్రౌండు. మరో తయారీ సంస్థ డెన్సో పద్ధతిలో రెండు నలుపు వైర్లు హీటర్, నీలం సిగ్నల్, తెలుపు సిగ్నల్ గ్రౌండు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకుని మరోసారి చదవండి. ఒకరి తెలుపులో హీటర్ కరెంటు నడుస్తుంది. మరొకరి తెలుపు తిన్నగా కంప్యూటర్‌లోని సున్నితమైన గ్రౌండుకు పోతుంది. ఒకరి నలుపు సిగ్నల్. మరొకరి నలుపులో 12 వోల్టులు ఉండవచ్చు.

ఆ కుర్రవాడి బండిలో జరిగింది ఇదే. కొత్త సెన్సర్ బాష్ పద్ధతిది, బండి వైపు మిగిలిన తోక డెన్సో పద్ధతిది; అందులో రెండు నల్ల వైర్లున్నాయి. వాటిలో 12 వోల్టులు వచ్చేది ఏదో చూపు చెప్పదు. అతడు కలిపిన తీరులో ఆ 12 వోల్టులు కొత్త సెన్సర్ హీటర్‌లోకి ఒక తెల్ల వైరు గుండా ప్రవేశించి, రెండో తెల్ల వైరు గుండా బయటికి వచ్చి, బండి వైపు తెల్ల వైరు పట్టుకుని కంప్యూటర్‌లోకి పోయాయి. హీటర్ నిరోధం కొన్ని ఓములే కనుక ఆంపియర్లలో కరెంటు, మిల్లీ ఆంపియర్ల కోసం వేసిన సన్నని రాగి గీతలో నడిచింది. ఆ గీత కాలిపోయాక, దాని మీద ఆధారపడిన కూలెంట్ సెన్సర్, థ్రాటిల్ సెన్సర్ రెండూ నిలదొక్కుకునే చోటు లేక తప్పుడు విలువలు పంపసాగాయి. ఫ్యూజు ఎందుకు కాపాడలేదని అతడు అడిగాడు. ఫ్యూజు దృష్టిలో అది మామూలు హీటర్ కరెంటే. అది కాలవలసిన అవసరం దానికి కనిపించలేదు.

కాబట్టి మొదటి మాట, చివరి మాట ఇదే: రంగు చూసి వైరు కలపకండి. పని చూసి కలపండి.

అసలు కలపవలసిన అవసరమే లేకుండా చేసుకోవడం మరీ మంచిది. మీ బండి మోడల్‌కు ప్లగ్గుతో సహా వచ్చే సెన్సర్ దొరుకుతుంది. యూనివర్సల్ దానికీ దీనికీ ఉన్న తేడా ఒక పూట భోజనాల ఖర్చంత ఉండవచ్చు. పోయే కంప్యూటర్ ముందు అది లెక్కలోకి రాదు. ఆ ప్లగ్గు దొరకనే దొరకని పరిస్థితిలో, కొత్త సెన్సర్ తోకలో ఒకే రంగున్న రెండు వైర్ల మధ్య మీటరు పెట్టి చూడండి; కొన్ని ఓముల నిరోధం ఉంటే అది హీటర్ జత అని తేలుతుంది. పాత తోకలోనూ అలాగే చూడండి. పాత హీటర్ తెగిపోయి మీటరు పలకకపోతే, మీ బండి వైరింగ్ పటంలో ప్లగ్గు పిన్నుల సంఖ్యను బట్టి తేల్చుకోండి. మిగిలిన రెండింటిలో సిగ్నల్ ఏదో, గ్రౌండు ఏదో కూడా బండి పటం, సెన్సర్ తయారీదారు ఇచ్చిన పటం చూసే తేల్చుకోండి. తేల్చుకున్న ప్రతి వైరుకూ కాగితపు టేపు చుట్టి, దాని మీద పెన్నుతో హీటర్, హీటర్, సిగ్నల్, గ్రౌండు అని తెలుగులోనో, మీకు వచ్చిన భాషలోనో రాయండి. ఆ తరువాత టేపు మీద అక్షరాలు చూసి కలపండి. ఆ క్షణంలో వైరు రంగు మీ కంటికి కనిపించకూడదు.

సెన్సర్ కొనే ముందు వైరు చూడండి

కోడ్‌లో సెన్సర్ పేరు వచ్చింది కనుక సెన్సరే చెడిపోయిందని అనుకోవడం రెండో పెద్ద పొరపాటు. ఇరవై ఏళ్లు వేడిలో ఉన్న వైరు మీది ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసెక్కి విరిగిపోతాయి. వైరు కిందికి జారి ఎగ్జాస్ట్ పైపు మీద వాలుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు వైపు డ్రైవ్ షాఫ్టుకు రాసుకుంటుంది. సెన్సర్ దగ్గర నుంచి గేర్‌బాక్స్ పైన ఉన్న ప్లగ్గు దాకా, ఆ ప్లగ్గు నుంచి పైకి ఎక్కే కట్ట దాకా వేళ్లతో తడుముతూ వెళ్లండి. ఒకచోట వైరు మెత్తగా, నున్నగా, కొద్దిగా మెరుస్తూ తగిలితే అక్కడ తొడుగు కరిగిందన్నమాట. చలికాలంలో బానెట్ కింద వెచ్చదనానికి చేరిన ఎలుకలు కొరికిన చోట్లు కూడా చేతికే ముందు తెలుస్తాయి.

ఒకే రోజున పి0135, పి0141, పి0155, పి0161 కోడ్‌లు నాలుగూ కలిసి వచ్చాయంటే నాలుగు సెన్సర్లూ ఒకేసారి చనిపోయాయని కాదు. చాలా ట్రక్కుల్లో హీటర్లన్నింటికీ ఒకే ఫ్యూజు ఉంటుంది. ఎక్కడో ఒక వైరు ఎగ్జాస్ట్‌కు తగిలి ఆ ఫ్యూజును కాల్చి ఉండవచ్చు. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, అదే ఆంపియర్ల కొత్త ఫ్యూజు వేసి, తాళం తిప్పండి. ప్లగ్గులన్నీ ఊడి ఉన్నా ఫ్యూజు పోతే లోపం బండి వైపు కట్టలో ఉంది. పోకపోతే ఒక్కొక్క ప్లగ్గూ పెడుతూ, మధ్యలో ఇంజిన్ కొంతసేపు నడుపుతూ రండి. ఏది పెట్టినప్పుడు పోతుందో దొంగ అక్కడ దొరుకుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని పెద్దది వేయకండి. పెద్ద ఫ్యూజు వేస్తే తరువాత కాలేది వైరే.

ఏ వైపు సెన్సరో కూడా ముందే తేల్చుకోవాలి. ఒకటో సిలిండర్ ఉన్న వైపే బ్యాంకు 1. ఫోర్డ్ వీ8 ట్రక్కుల్లో అది ప్రయాణికుడు కూర్చునే వైపు. షెవర్లే, జీఎంసీ వీ8 ట్రక్కుల్లో డ్రైవర్ వైపు. ఒక బండి మీద నేర్చుకున్నది ఇంకో బండి మీద ప్రయోగించి, బాగున్న సెన్సర్‌ను పీకి పారేసినవాళ్లున్నారు.

కొలిచేటప్పుడు

ప్లగ్గు ఊడదీసి సెన్సర్ వైపు హీటర్ జత కొలిస్తే, చల్లగా ఉన్న సెన్సర్‌లో బండిని బట్టి కొన్ని ఓముల నుంచి ఇరవై ఓముల దరిదాపుల్లో రావాలి. అసలేమీ రాకపోతే హీటర్ తెగింది. ఈ అంకెలు హీటర్ జతకు మాత్రమే. సిగ్నల్ వైరుకూ సిగ్నల్ గ్రౌండుకూ మధ్య ఓముల కొలత ఎన్నడూ పెట్టకండి, ఎందుకంటే మీటరు తన సొంత కరెంటును లోపలి జిర్కోనియా పింగాణీలోకి తోస్తుంది.

బండి వైపు ప్లగ్గులో 12 వోల్టులు కనిపించినంత మాత్రాన తృప్తి పడకండి. ఇరవై పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు నిండు 12 వోల్టులే చూపిస్తుంది, హీటర్ కరెంటు అడిగిన మరుక్షణం అది కూలిపోతుంది. ఆ పిన్నుకూ బండి బాడీకీ మధ్య పాత ఇండికేటర్ బల్బు ఒకటి పెట్టి చూడండి. అది పూర్తిగా వెలిగితే వైరు నిజంగా బాగున్నట్టు, మినుకుమంటే మధ్యలో ఎక్కడో చీకినట్టు. కొన్ని బండ్లలో ఈ సరఫరా ఇంజిన్ నడుస్తున్నప్పుడే వస్తుందని గుర్తుంచుకోండి. ఇది 12 వోల్టుల పిన్నుకు మాత్రమే చేయవలసిన పరీక్ష. ఏ పిన్ను ఏదో పటం చూసి, మీటరుతో తేల్చుకున్న తరువాతే బల్బు పెట్టండి. ఇక్కడ కూడా రంగును నమ్మకండి. సిగ్నల్ పిన్నుకు టెస్ట్ లైటు తగిలిస్తే రంగు చూసి కలిపిన ఫలితమే వస్తుంది.

సిగ్నల్ చూడాలంటే ప్లగ్గు కలిపి ఉంచి, వెనుక నుంచి సన్నని పిన్ను దోపి, డిజిటల్ మీటరుతో చూడాలి. ముల్లు కదిలే పాత మీటరు ఆ కొద్దిపాటి వోల్టేజీని తానే తాగేస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ముందు వైపు సెన్సర్ 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగాలి. ఎగ్జాస్ట్ పొగను శుభ్రపరిచే కన్వర్టర్ వెనుక ఉన్నది దాదాపు నిలకడగా ఉండాలి. ఎప్పుడూ ఒక వోల్టు దాటి కనిపిస్తుంటే సెన్సర్‌ను తప్పు పట్టకముందు, కరిగిన తొడుగుల మధ్య హీటర్ వైరు సిగ్నల్ వైరును తాకుతున్నదేమో వెతకండి. చాలా టొయోటాల్లో ముందు వైపు ఉండేది ఆక్సిజన్ సెన్సర్ కాదు, చూడడానికి అచ్చం అలాగే ఉండే ఎయిర్ ఫ్యూయల్ సెన్సర్. పై అంకెలు దానికి వర్తించవు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను. వీటిలో ఏ ఒక్కటీ వదిలేయదగినది కాదు.

వైరు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ తీసివేయండి. జాకీ ఒక్కదాని మీద నిలబడిన బండి కిందికి వెళ్లకండి, ఒక్క నిమిషానికైనా వెళ్లకండి; స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, చేతితో బలంగా ఊపి చూసి వెళ్లండి. గ్యారేజీలో ఇంజిన్ నడుపుతూ కొలవకండి, తలుపు తెరిచి ఉన్నా కొలవకండి. బండిని ఆరుబయటికి తీయండి. ఎండుగడ్డి మీద నిలిపి పరీక్షించకండి, ఎందుకంటే సిగ్నల్ వైరు గ్రౌండుకు తగిలినప్పుడు కంప్యూటర్ ఇంధనం తక్కువైందనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది, అది కన్వర్టర్‌లో మండి దాని పొట్టను ఎర్రబారేలా చేస్తుంది.

సెన్సర్ వైరుకు టంకం పెట్టకండి. చాలా సెన్సర్లకు పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలి వైరు పోగుల మధ్య సందుల నుంచే లోపలికి చేరుతుంది. టంకం ఆ సందులను పూడ్చేస్తుంది. అదే కారణంతో ఆ ప్లగ్గులో గ్రీజు నింపకండి, క్లీనర్ స్ప్రే కొట్టకండి. గట్టిగా క్రింప్ చేసి, వేడికి తట్టుకునే తొడుగు వేయండి. నల్ల ఇన్సులేషన్ టేపు ఎగ్జాస్ట్ దగ్గర ఒక వేసవి కూడా నిలవదు. వైరు తొడుగును సూదితో గుచ్చి కొలవకండి. ఆ రంధ్రం నుంచి వచ్చే వానకాలంలో నీరు దిగుతుంది. విరిగిన క్లిప్పుల చోట కొత్తవి వేసి, వైరును పైపుకు దూరంగా కట్టండి. ఇంజిన్ కదిలినప్పుడు లాగకుండా కొద్దిగా వదులు ఉంచండి. సెన్సర్ మరలు పట్టేయకుండా పూత రాసేటప్పుడు కొనకు అంటనీయకండి. దగ్గరలో మామూలు సిలికాన్ సీలెంటు వాడకండి. దాని ఆవిరి సెన్సర్‌ను చంపుతుంది. ఎగ్జాస్ట్‌కు వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీసివేయండి. పరీక్షకు ముందు రోజు రాత్రి కోడ్‌లు చెరిపేయకండి. చెరిపినా, బ్యాటరీ తీసినా, బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే తనిఖీల లెక్క మొదటికి వస్తుంది. 2001, ఆ తరువాతి బండ్లలో అసంపూర్తిగా ఒక్క తనిఖీకి మించి ఉంటే వెనక్కి పంపుతారు. కాబట్టి పని ముగించాక నాలుగైదు రోజులు ఊళ్లోనూ హైవే మీదా నడిపి, రెడీ అయిందని స్కానర్‌లో చూసుకుని వెళ్లండి. గడువు దగ్గరపడిందని వైరు పని తొందరపడి చేయకండి. కలిపిన ప్రతి అతుకునూ, ప్లగ్గు బండికి పెట్టే ముందే, మీటరుతో ఇంకోసారి చూడండి: హీటర్ పిన్నుల మధ్య కొన్ని ఓములు రావాలి, ఆ రెండింటి నుంచి మిగిలిన రెండింటికీ ఏమీ రాకూడదు.

ఇదంతా చదివేసరికే మీరు రంగు చూసి కలిపి ఉంటే, తాళం తిప్పకండి. అతుకులు విప్పి, టేపులు చుట్టి, పేర్లు రాసి, పని చూసి మళ్లీ కలపండి. తిప్పి ఉంటే వెంటనే ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ సెన్సర్ ప్లగ్గు ఊడదీయండి. ఒకసారి తప్పుగా కరెంటు పారిన సెన్సర్‌ను తిరిగి వాడకండి. తరువాత ఆ ప్లగ్గు పెట్టకుండానే ఇంజిన్ నడిపి, కూలెంట్ ఉష్ణోగ్రతా థ్రాటిల్ విలువలూ స్కానర్‌లో సరిగ్గా వస్తున్నాయో లేదో ముందు చూడండి. అవి సరిగ్గా ఉన్నాకే కొత్త సెన్సర్ కొనండి, ఈసారి ప్లగ్గుతో ఉన్నదే కొనండి.